‘ఎక్కడికి?’ కాదు, ‘ఎందాకా?’ – ఇంటర్నెట్టులో మన ఉనికి గుట్టు

(బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థిని)

బయలుదేరిన మనిషిని ‘ఎక్కడికి?’ అని అడగకూడదని మన పెద్దలు చెబుతారు. అడిగితే పోయే పని చెడిపోతుందట. అంతగా తెలుసుకోవాలనిపిస్తే ‘ఎందాకా?’ అని అడగాలి. అప్పుడా మనిషి ‘ఇట్లా నంద్యాల దాకా’ అనో, ‘ప్రొద్దుటూరు వైపు’ అనో చెప్పి సాగిపోతాడు. ఏ వీధికి, ఎవరింటికి అన్నది చెప్పనక్కరలేదు. అడిగినవాళ్లు నొచ్చుకోనూ అక్కరలేదు. సైన్సు చదువుకునే నాకు శకునాల మీద నమ్మకం లేదు. కానీ ఈ ఆచారంలో మంచి తెలివి ఒకటి ఉంది. చెప్పినవాడు తన ఉనికిని పూర్తిగా దాచలేదు, పూర్తిగా బయటా పెట్టలేదు. ఎదుటివాడికి ఎంత కావాలో అంత చెప్పాడు.

మన చేతిలోని ఫోనుకు ఈ మర్యాద తెలియదు. మనం నేర్పితే తప్ప, అడిగినవాళ్లందరికీ వీధి, ఇల్లు, గది సహా చెప్పేస్తుంది. హాస్టల్లో పడుకుని వాతావరణం చూసినా, క్లాసు ఎగ్గొట్టి సినిమా టికెట్టు కొన్నా, ఊళ్లో ఉల్లిగడ్డల ధర వెతికినా, ఎవరో ఒకరు మనం ఎక్కడున్నామో రాసుకుంటూనే ఉన్నారు. ఈ రాత ఎట్లా జరుగుతుంది? జరిగితే మనకు నష్టమేమిటి? ఎందాకా చెప్పాలన్నది మన చేతిలో ఉంచుకునే దారి ఉందా? తోటి విద్యార్థులకు నాకు తెలిసినంతలో ఈ మూడు సంగతులూ వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

చేనుకు చిరునామా, మనిషికి చిరునామా

‘లొకేషను’ అనేది మన సీమ రైతుకు కొత్త మాటే గానీ కొత్త సంగతి కాదు. 1800లో నిజాము ఈస్టిండియా కంపెనీకి దత్తమండలాలు ఇచ్చేశాక, థామస్ మన్రో ఇక్కడ ప్రిన్సిపల్ కలెక్టరుగా 1807 దాకా ఉన్నాడు. చేనుచేనుకూ కొలత వేసి, ఏ రైతు ఎంత శిస్తు కట్టాలో తేల్చే పని ఆయన కాలంలోనే సాగింది. అట్లాంటి కొలతల వారసత్వమే నేటి సర్వే నెంబరు. పట్టాదారు పాసుపుస్తకాన్ని ఇనపపెట్టెలో పెట్టి తాళం వేసే జాతి మనది. చేను హద్దు ఒక మూర జరిగిందంటే కోర్టు దాకా పోతాం.

అయితే చేను కదలదు. దాని చిరునామా ఈ రోజు తెలిసినా, పదేళ్ల తర్వాత తెలిసినా ఒకటే. మనిషి అట్లా కాదు. మనిషి ఉనికి గంటగంటకూ మారుతుంది. ఆ మార్పుల్లోనే అతని బతుకంతా ఉంటుంది. ఏ ఆసుపత్రికి పోయాడు, ఏ వకీలును కలిశాడు, ఏ గుడికో మసీదుకో పోయాడు, ఏ ఇంట్లో ఎంతసేపు ఉన్నాడు అన్నవన్నీ అందులో కనబడతాయి.

ఈ తేడాను మా నాయన నాకంటే చక్కగా పట్టుకున్నాడు. ఈ-పంట నమోదు కోసం మా శెనక్కాయ చేనిలో ఫోటో తీసుకున్నారు. ఆ ఫోటోతోపాటు అక్షాంశ, రేఖాంశాలు కూడా నమోదవుతాయి. నాయన ఆ అంకెలు చూసి అడిగాడు:

“ఏం పాపా, ఈ అంకెలేంది?”

“మన చేను యాడుందో చెప్పే అంకెలు నాయనా.”

“సర్వే నెంబరుండాది గదా. మళ్లీ ఇవెందుకు?”

“సర్వే నెంబరు చేనుకు. ఈ అంకెలు ఫోను యాడుంటే ఆడివి.”

నాయన కొంచెంసేపు ఊరకుండి, “అట్లయితే నా జేబులో ఉన్నంతసేపూ అవి నా అంకెలే గదా” అన్నాడు.

అంతకంటే తేలికగా ఈ విషయం చెప్పడం నా వల్ల కాదు. అధికారిక పనికోసం ఉనికి నమోదు చేయడం ఇప్పుడు పల్లెల్లో మామూలైంది. ఉపాధి హామీ పనుల్లోనూ 2023 జనవరి 1 నుంచి కూలీల హాజరును స్థలం అంకెలతో కూడిన ఫోటోల ద్వారా యాప్‌లో ఎక్కించడం తప్పనిసరి చేశారు. దొంగ హాజరు అరికట్టడం మంచి ఉద్దేశమే. కానీ ఉద్దేశం మంచిదైనప్పుడు కూడా ‘ఎంత వివరం కావాలి, ఎన్నాళ్లు ఉంచుతారు, ఎవరెవరు చూస్తారు?’ అన్న ప్రశ్నలు అడగవలసినవే.

దశాంశాల సంగతి

ఇక్కడ కొంచెం లెక్క చూద్దాం. కర్నూలు పట్టణం సుమారు 15.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.0 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. ఒక డిగ్రీ అక్షాంశం అంటే నేల మీద సుమారు 111 కిలోమీటర్లు. కాబట్టి బిందువు తర్వాత ఒక అంకె చెబితే సుమారు 11 కిలోమీటర్ల మేరకు తెలుస్తుంది. అది మండలమంత. రెండు అంకెలు చెబితే 1.1 కిలోమీటరు, మన ఊరు తెలిసిపోయింది. మూడు చెబితే 110 మీటర్లు, వీధి తెలిసింది. నాలుగు చెబితే 11 మీటర్లు, ఇల్లు తెలిసింది. ఐదు చెబితే దాదాపు ఒక మీటరు. ఇంట్లో మంచం ఏ మూల వేశామో కూడా దాదాపు తెలిసినట్లే.

వాన వస్తుందా రాదా అని చెప్పడానికి ఒక్క దశాంశం చాలు. దగ్గర్లో ఏ పెట్రోలు బంకు ఉందో చెప్పడానికి రెండు చాలు. 108 అంబులెన్సు రావాలంటే మాత్రం నాలుగైదు కావాలి. మరి టార్చిలైటు యాప్‌కు ఎన్ని కావాలి? ఒక్కటీ అక్కరలేదు. గోప్యత అంటే అన్నీ దాచుకోవడం కాదు. ఏ పనికి ఎన్ని దశాంశాలు కావాలో అన్నే ఇవ్వడం. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఇదే.

ఫోనుకు ఎట్లా తెలుస్తుంది?

మొదటి దారి జీపీఎస్. ఉపగ్రహం పైనుంచి మనల్ని చూస్తూ ఉంటుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలు ‘నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు టైము ఇంత’ అని రేడియో సంకేతాలు పంపుతూ ఉంటాయి. మన ఫోను వాటిని కేవలం వింటుంది. ఏ సంకేతం ఎంత ఆలస్యంగా అందిందో చూసి దూరం లెక్కగడుతుంది. మూడు దిక్కుల కొలతలకు మూడు ఉపగ్రహాలు, ఫోను గడియారంలోని తప్పు దిద్దడానికి మరొకటి, వెరసి కనీసం నాలుగు ఉపగ్రహాలు వినబడాలి. మనం ఎక్కడున్నామో ఉపగ్రహానికి తెలియనే తెలియదు. ఫోను లెక్క తేల్చిన తర్వాత, ఆ జవాబును ఏ యాప్‌కు అందిస్తుందో అక్కడే గుట్టు బయటపడుతుంది.

రెండవది టవరు. మనకు ఫోను రావాలంటే మనం ఏ టవరు కింద ఉన్నామో కంపెనీకి తెలిసి తీరాలి. పాత 2జీ పద్ధతిలో టవరుకూ ఫోనుకూ మధ్య దూరాన్ని సుమారు 550 మీటర్ల మెట్లలో కొలుస్తారు. అట్లాంటివి 63 మెట్లు, అంటే 35 కిలోమీటర్ల దాకా అందుతుంది. టవర్లు దగ్గరదగ్గరగా ఉండే పట్నంలో ఈ అంచనా బాగా బిగుసుకుంటుంది. నల్లమల అంచున ఉన్న పల్లెల్లో టవరు ఎక్కడో ఒకటి ఉంటుంది కనుక అంచనా వదులుగా ఉంటుంది.

మూడవది వైఫై. ఫోను చుట్టుపక్కల వైఫై పెట్టెలు ఏవేవి ఉన్నాయో విని, వాటి గుర్తింపు సంఖ్యలను పెద్ద కంపెనీలు కూడబెట్టిన జాబితాతో పోల్చి చూస్తుంది. జీపీఎస్ అందని గదిలో కూడా మనం ఏ భవనంలో ఉన్నామో చెప్పగలిగేది ఈ పద్ధతే.

నాలుగవది ఐపీ అడ్రసు. వెబ్‌సైటు చూసేటప్పుడు ముఖ్యమైనది ఇదే కనుక దీన్ని విడిగా చెప్పుకుందాం.

ఐపీ అడ్రసు – ఉత్తరం మీది ముద్ర

మనం ఏ వెబ్‌సైటు తెరిచినా, జవాబు ఎక్కడికి పంపాలో దానికి తెలియాలి. అందుకే ప్రతి కోరికతోపాటు ఒక సంఖ్య వెళుతుంది. అదే ఐపీ అడ్రసు. మనం లొకేషను ఆపేసినా ఇది వెళుతూనే ఉంటుంది. దీన్ని ఇంటి చిరునామా అనుకోవద్దు. ఉత్తరం మీద పడే పోస్టాఫీసు ముద్ర వంటిదనుకోండి. కడపలో వేసిన ఉత్తరం మీద కడప ముద్ర ఉంటుంది. రాసినవాళ్ల ఇల్లు ఏదో ముద్ర చూసి చెప్పలేం. ఫోను ఇంటర్నెట్టులోనైతే ఒకే ముద్ర కింద ఎంతోమంది ఉండవచ్చు. పైగా కంపెనీ వాళ్ల యంత్రాలు వేరే నగరంలో ఉంటే ఆ ఊరి ముద్రే పడుతుంది. కర్నూలులో కూర్చుని వెబ్‌సైటు తెరిస్తే హైదరాబాదు అనో చెన్నై అనో చూపించడం మనలో చాలామందికి అనుభవమే.

ఏ సంఖ్య ఏ ఊరిదో జాబితాలు తయారుచేసి అమ్మే కంపెనీలు ఉన్నాయి. ఆ జాబితాలను అతిగా నమ్మితే ఏమవుతుందో అమెరికాలోని ఒక రైతు పొలం కథ చెబుతుంది. మాక్స్‌మైండ్ అనే కంపెనీ, ఏదైనా ఐపీ అడ్రసు అమెరికాదని తెలిసి, అంతకుమించి తెలియనప్పుడు ఆ దేశం నడిమధ్య చోటును చూపించేది. ఆ మధ్య బిందువు అంకెలు సుమారు 39.8, మైనస్ 98.6. చూడ్డానికి నున్నగా ఉంటుందని కాబోలు, వాళ్లు 38.0000, మైనస్ 97.0000 అని పెట్టుకున్నారు. సరిగ్గా ఆ అంకెల దగ్గర, కాన్సాస్ రాష్ట్రంలో పాట్విన్ అనే చిన్న ఊరి పక్కన ఒక కుటుంబం పొలం ఉంది. 60 కోట్లకు పైగా ఐపీ అడ్రసులు ఆ పొలాన్నే చూపించాయి. ఎక్కడో ఎవరో దొంగతనం చేసినా, మోసం చేసినా, పారిపోయినా, పోలీసులూ మోసపోయినవాళ్లూ ఆ ఇంటి తలుపు కొట్టేవారు. ఏళ్ల తరబడి ఇట్లా సాగింది. 2016లో ఒక పాత్రికేయురాలు విషయం బయటపెట్టిన తర్వాత కంపెనీ ఆ గుర్తును ఒక జలాశయం నడిమికి మార్చింది.

లెక్కల విద్యార్థులు గమనించవలసిన సంగతి ఒకటి ఇక్కడుంది. ‘ఈ దేశంలో ఎక్కడో’ అని చెప్పవలసిన జవాబుకు నాలుగు సున్నాలు తగిలించి, పదకొండు మీటర్ల ఖచ్చితత్వం ఉన్నట్లు చూపించారు. తెలియనిదాన్ని తెలిసినట్లు చూపిన దశాంశాలు ఏ పాపమూ ఎరగని రైతు కుటుంబం నెత్తిన పడ్డాయి. గుట్టు బయటపడితే ఒక ప్రమాదం, తప్పుడు గుట్టు మన పేర రాసిపెట్టినా మరో ప్రమాదం.

తెలిస్తే నష్టమేమిటి?

‘నేనేం తప్పు చేయలేదు, నేనెక్కడుంటే ఎవరికేం?’ అని అడిగే మిత్రులుంటారు. మన ప్రాంతంలో పుట్టినవాళ్లకు ఈ ప్రశ్నకు జవాబు చెప్పనక్కరలేదు. పల్లెల్లో కక్షలు మండిన రోజుల్లో కోర్టు వాయిదాకు పోయే మనిషి ఏ బస్సుకు పోతాడో, ఏ దారిన తిరిగి వస్తాడో ఇంట్లోవాళ్లకు కూడా చెప్పేవాడు కాదని మా జేజినాయన చెబుతాడు. “పోతాండామని చెప్పు, ఏ దారినో చెప్పాకు” అన్నది ఆ రోజుల్లో నేర్చిన పాఠం. దారి తెలిస్తే ప్రాణం పోయేది. ఆ మనుషులు తప్పు చేసినవాళ్లని కాదు. వాళ్ల దారి తెలియకూడనివాళ్లకు తెలిసేది.

ఆ రోజులు వెనకబడ్డాయి, సంతోషం. కానీ ఆడపిల్ల ఏ హాస్టల్లో ఉంది, ఏ బస్సు దిగుతుంది అని వెంటబడేవాడికి తెలియకూడదన్న అవసరం వెనకబడలేదు. ఇంటికి తాళం వేసి పెళ్లికి పోయామని పెట్టిన ఫోటో దొంగకు కబురు పంపినట్లే. ‘నామీద నమ్మకముంటే లైవ్ లొకేషను పెట్టు’ అని రోజూ పట్టుబట్టడం ప్రేమ కాదు, కాపలా. ఈ మాట అమ్మాయిలకే కాదు, అడిగే అబ్బాయిలకు కూడా చెబుతున్నాను.

పేరు తీసేస్తే ఫరవాలేదంటారా? 2013లో ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన చూడండి. ఇవ్-అలెగ్జాండర్ ద మొంజ్వా, ఆయన సహచరులు 15 నెలల కాలానికి 15 లక్షల మంది ఫోనుల కదలికలను, పేర్లు లేకుండా తీసుకుని పరిశీలించారు. ఏ గంటకు ఏ టవరు దగ్గర ఉన్నారన్న నాలుగు గుర్తులు చాలు, నూటికి 95 మందిని మిగతా వాళ్లందరినుంచీ విడదీసి గుర్తించడానికి! ఆలోచిస్తే ఆశ్చర్యం లేదు. రాత్రి ఫలానా పల్లె, పొద్దున ఫలానా బస్టాండు, పగలు మన కళాశాల, సాయంత్రం ఫలానా కోచింగు సెంటరు – ఈ నాలుగూ కలిసిన మనిషి జిల్లా మొత్తం మీద ఒక్కరే ఉంటారు. ఆ మనిషికి పేరెందుకు?

మన రాష్ట్రంలోనే జరిగినవి చూద్దాం. 2018 ఏప్రిల్‌లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో సుమారు 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ వివరాలు బయటికి కనబడుతున్నాయని హైదరాబాదుకు చెందిన పరిశోధకుడు కొడాలి శ్రీనివాస్ బయటపెట్టారు. కులం, మతం ఎంచుకుని ఆ కుటుంబాల ఇళ్లు ఎక్కడున్నాయో వెతికే వీలుండిందని కూడా ఆ రోజుల్లో పత్రికలు రాశాయి. తర్వాత వాటిని తీసేశారు. ఇల్లు మంజూరు చేయడానికి సేకరించిన వివరం, గొడవలు లేపాలనుకునేవాడి చేతిలో ఏమవుతుందో ఊహించుకోండి.

2020లో కరోనా వచ్చినప్పుడు రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ, ఇళ్లలో క్వారంటైన్‌లో ఉంచిన 25 వేల మందికి పైగా మనుషుల ఫోనులను టవరు సంకేతాల ద్వారా గమనించింది. పరిధి దాటితే అధికారులకు హెచ్చరిక పోయేది. ఆ ఏప్రిల్‌లో రాష్ట్రంలో ఎక్కువ కేసులు వచ్చిన జిల్లాల్లో మన కర్నూలు ముందుంది. భయంతో బతికిన ఆ రోజుల్లో ఆ పని తప్పని నేననను. కానీ దానివల్ల మనకొక సంగతి తెలిసింది. యాప్ ఏదీ లేకున్నా, లొకేషను ఆపేసినా, ఫోను పనిచేస్తున్నంతసేపూ మన జాడ టవరుకు తెలుస్తూనే ఉంటుంది. లొకేషను సెట్టింగులేవీ దాన్ని ఆపలేవు. అక్కడ మనకు కాపలా చట్టమే.

అదే ఏడాది చివర్లో హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు అప్పుల యాప్‌ల మీద కేసులు పెట్టారు. ఐదు వేలు, పదివేలు అప్పిచ్చి, ఫోనులోని నెంబర్లు, ఫోటోలు లాగేసుకుని, చుట్టాలకూ స్నేహితులకూ ఫోన్లు చేసి అవమానించిన యాప్‌లవి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. అనుమతి అడిగినప్పుడు అందరూ ‘ఎలౌ’ అన్న చోటే వేలు పెట్టి ఉంటారు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు నియమాలు పెట్టింది. అప్పుల యాప్‌లు ఫోనులోని నెంబర్లు, ఫోటోలు, కాల్ జాబితా ముట్టుకోకూడదు. లొకేషను కావాలంటే, ఖాతా తెరిచేటప్పుడు మన సమ్మతితో ఒక్కసారి మాత్రమే తీసుకోవాలి.

చట్టం ఎక్కడిదాకా వచ్చింది?

గోప్యత హక్కు చరిత్రలో మన కడపకు కూడా చోటుందని తెలిసి నేను ఆశ్చర్యపోయాను. కడప సబ్‌కోర్టులో మొదలైన ఒక దాంపత్య వివాదం హైకోర్టుకు పోయింది. 1983లో న్యాయమూర్తి పి.ఎ. చౌదరి, ఇష్టం లేని భార్యను భర్తతో కాపురం చేయమని కోర్టు ఆజ్ఞాపించడం ఆమె గోప్యత హక్కుకు భంగమని తీర్పు చెప్పారు. మరుసటి ఏడే సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని అంగీకరించలేదు. కానీ గోప్యత రాజ్యాంగం ఇచ్చిన హక్కేనన్న వాదన అక్కడితో ఆగిపోలేదు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు.

మన విషయానికి సూటిగా తగిలే తీర్పు 2024 జులై 8న వచ్చింది. బెయిలు మీద విడుదలైన మనిషి, పోలీసులకు కనబడేలా గూగుల్ మ్యాపులో తన ఉనికి గుర్తు పెట్టాలన్న షరతు చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. బెయిలు పొందిన మనిషి కదలికలను అనుక్షణం కనిపెట్టే షరతు రాజ్యాంగం 21వ అధికరణానికి విరుద్ధమంది. కేసులో ఉన్న మనిషికే ఆ రక్షణ ఉంటే, ఏ కేసూ లేని మనకు ఉండదా?

వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. నియమాలు 2025 నవంబరులో ప్రకటించారు. ముఖ్యమైన బాధ్యతలు 18 నెలల గడువు తర్వాత అమలులోకి వచ్చేలా దశలు పెట్టారు. చెప్పిన పనికి అవసరమైనంత వివరానికే మన సమ్మతి వర్తిస్తుందని ఆ చట్టం అంటోంది. చూశారా, మన పల్లెల్లో ‘ఎందాకా’ అన్న మాటే చట్టం భాషలో చెప్పారు!

మనం చేయదగిన పనులు

1. ఫోను సెట్టింగుల్లో ‘లొకేషను’ తెరిచి, ఏ యాప్‌లకు అనుమతి ఉందో చూడండి. అక్కరలేనివాటికి తీసేయండి. కావలసినవాటికి ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’ అని గానీ, ‘ఈసారికి మాత్రమే’ అని గానీ పెట్టండి. ‘ఎప్పుడూ’ అన్న అనుమతి దాదాపు ఎవరికీ అక్కరలేదు.

2. ‘ప్రిసైజ్’ అన్న మీట ఆపండి. ఐఫోనుల్లో 2020 నుంచి, ఆండ్రాయిడ్ 12తో 2021 నుంచి ఈ సదుపాయముంది. ఇది ఆపితే ఆండ్రాయిడ్ ఫోను సుమారు 3 చదరపు కిలోమీటర్ల మేరకు మాత్రమే మన ఉనికి చెబుతుంది. వాతావరణానికీ, వార్తలకూ అది చాలు. దారి చూపించే మ్యాపుకు మాత్రం ఆన్ చేసి, పని కాగానే ఆపండి.

3. బ్రౌజరులో వెబ్‌సైటు ‘మీ లొకేషను తెలుసుకోవచ్చా?’ అని అడిగితే, కాదనడం మర్యాద తప్పడం కాదు. ఊరి పేరు చేత్తో టైపు చేస్తే చాలా పనులు జరిగిపోతాయి.

4. గూగుల్ ఖాతాలో ‘టైమ్‌లైన్’, ‘వెబ్ అండ్ యాప్ యాక్టివిటీ’ రెండూ వేరువేరుగా ఉంటాయి. ఒకటి ఆపితే రెండవది ఆగదు. ఒకటి ఆపినా మరోదాని ద్వారా ఉనికి నమోదవుతోందని 2018లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ బయటపెట్టింది. దానిమీద విచారణ జరిపిన 40 అమెరికా రాష్ట్రాలకు 2022 నవంబరులో ఆ కంపెనీ 39.15 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. కాబట్టి రెండూ చూసుకోండి.

5. కెమెరా సెట్టింగుల్లో ఫోటోకు స్థలం అంకెలు అంటించే మీట ఆపండి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే ఆ అంకెలు పోతాయి గానీ, ‘డాక్యుమెంటు’గా పంపితే ఉండిపోతాయి. ఊరికి పోయిన ఫోటోలు తిరిగి వచ్చాక పెట్టుకుందాం, అందం తగ్గదు.

6. లైవ్ లొకేషను పంపవలసి వస్తే తక్కువ గడువు ఎంచుకోండి. వాట్సాప్‌లో 15 నిమిషాలు, గంట, 8 గంటలు అని మూడున్నాయి. రాత్రి బస్సులో వచ్చే చెల్లెలు ఇంటికి పంపడం మంచిదే. ఇల్లు చేరగానే ఆపేయడం ఇంకా మంచిది.

7. ‘ఇన్‌కాగ్నిటో’ కిటికీ ఉనికిని దాస్తుందనుకోకండి. అది మన ఫోనులో చరిత్ర మిగలకుండా చేస్తుందంతే. ఐపీ అడ్రసు మామూలుగానే పోతుంది.

8. ఐపీ అడ్రసు దాచేది వీపీఎన్. మన ఉత్తరాన్ని కవరులో పెట్టి వేరే ఊళ్లోని స్నేహితుడికి పంపితే, అతను అక్కడ పోస్టు చేసినట్లు. చేరినచోట అతని ఊరి ముద్రే కనబడుతుంది. అయితే ఆ స్నేహితుడికి మాత్రం అంతా తెలుసు! అందుకే ఊరికే వచ్చే వీపీఎన్‌లను నమ్మేముందు, వాళ్లకు డబ్బు ఎక్కడినుంచి వస్తోందో ఆలోచించండి. మన దేశంలో 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ సంస్థ, వీపీఎన్ కంపెనీలు వాడుకరుల వివరాలను ఐదేళ్లు ఉంచాలని ఆదేశించింది. ఆ ఏడాది కొన్ని విదేశీ కంపెనీలు తమ సర్వర్లను ఇక్కడినుంచి తీసేశాయి. టార్ అనే బ్రౌజరు ఉత్తరాన్ని ముగ్గురి చేతులు మారుస్తుంది. పంపినవారెవరో, చేరేదెక్కడికో రెండూ ఏ ఒక్కరికీ తెలియవు. కానీ నెమ్మదిగా నడుస్తుంది. ఇంకో మాట. వీపీఎన్ పెట్టుకుని, లొకేషను అనుమతి ఇచ్చేసి, సొంత పేరుతో ఖాతా తెరిస్తే ముందు వాకిలి మూసి పెరటి తలుపు తెరిచినట్లే.

ఒక మనవి

ఇవన్నీ ఒక్కొక్కరం ఫోనుల్లో సర్దుకునేవి. కలిసి చేయవలసినవి కూడా ఉన్నాయి. మన విద్యార్థి సంఘం పోటీలకూ, విహారయాత్రలకూ ఫారాలు నింపిస్తుంది. అందులో హాస్టలు గది నెంబరు, ఇంటి చిరునామా నిజంగా అవసరమా? అవసరమైతే పని అయ్యాక వాటిని తుడిచేసే బాధ్యత ఎవరిది? హాజరుకోసమో బస్సు పాసుకోసమో ఏ యాప్ పెట్టుకోమన్నా, లొకేషను ఎందుకు, ఎన్నాళ్లు ఉంచుతారు అని అధ్యాపకులను వినయంగా అడగడంలో తప్పు లేదు. మనం ఊళ్లకు పోయినప్పుడు అమ్మానాయనల ఫోనుల్లో ఈ సెట్టింగులు సరిచేసి రావడం పావుగంట పని. ఎరువుల ధర కోసం, వాన కోసం, పెన్షను కోసం వాళ్లు దించుకున్న యాప్‌లు వాళ్లను ఏమేమి అడిగాయో వాళ్లకు చదివి చెప్పేవాళ్లు మనం తప్ప ఎవరున్నారు?

చదువుకున్నందుకు మనకు వచ్చిన బాధ్యతల్లో ఇదొకటనుకుంటాను. చేను హద్దు కోసం తాతలు రాళ్లు పాతారు. మనిషి హద్దుకు రాళ్లు లేవు. ఫోను అడిగిన ప్రతిసారీ ఆగి, ‘నీ పనికి ఎన్ని దశాంశాలు కావాలి?’ అని మనమే అడగాలి. సరైన జవాబు లేనివాళ్లకు అనుమతి ఇవ్వనక్కరలేదు.